దండెం కాదమ్మా, అది ఏరియల్!

(రేడియో ప్రసంగ పాఠం)

 వంటలూ, ఊరగాయలూ, పిల్లల దగ్గులూ జలుబులూ మనకి ఎప్పుడూ ఉన్నవే. ఈ వేళ వాటిని కాస్సేపు పక్కన పెట్టి అందరం డాబా మీదికి ఎక్కుదాం రండి. అక్కడేముందీ అంటారా? నీళ్ళ టాంకు, డిష్షు గొడుగు, ఆరేసిన బట్టలు. నేను చెప్పబోయేది ఇప్పుడు అక్కడ లేని దాని గురించి. ఒకప్పుడు ప్రతి రేడియో ఇంటికీ నెత్తిన పెట్టుకున్న తురాయిలా ఉండేదే, ఆ ఏరియల్ గురించి.

విజయనగరంలో మా తాతగారింటి మేడ మీద ఈ చివర ఒక వెదురు గెడ, ఆ చివర ఒక వెదురు గెడ నిలబెట్టి ఉండేవి. రెండింటికీ మధ్య బిగించి కట్టిన రాగి తీగె. తీగెకి రెండు చివరలా పావురం గుడ్లంత పింగాణీ బిళ్ళలు. తీగె ఒక కొస నుంచి మరో తీగె దిగి, కిటికీ చెక్కలోంచి కన్నం చేసుకుని, హాల్లో ఉన్న పెద్ద వాల్వు రేడియో వెనక్కి చేరేది. నాకు ఊహ తెలిసేసరికే ట్రాన్సిస్టర్లు ఇంటింటా వచ్చేశాయి. అయినా తాతగారు ఆ పెద్ద రేడియోని వదల్లేదు. మీట తిప్పగానే పలికేది కాదది. లోపల వాల్వులు వేడెక్కాలి, ఆకుపచ్చ కన్ను మెల్లిగా తెరుచుకోవాలి, అప్పుడు గానీ గొంతు విప్పేది కాదు.

ఒక రోజు కొత్తగా పనిలో చేరిన అమ్మాయి తడి చీర ఒకటి తీసికెళ్ళి ఆ తీగె మీద ఆరేసింది. పాపం, దానికేం తెలుసు! బరువుకి తీగె కుంగి పిట్టగోడకి ఆనింది. కింద తాతగారు చెవి పెట్టి వింటున్న వార్తలు కాస్తా నూతిలోంచి వస్తున్నట్టయిపోయాయి. మా మామ్మ విషయం కనిపెట్టి, గరిటె చేత్తోనే మెట్లెక్కి, "దండెం కాదమ్మా, అది ఏరియల్! మనింటి చెవి అది. చెవి మీద తడిబట్ట వేస్తే ఎలా వినిపిస్తుందే?" అంది.

మామ్మ బడికెళ్ళి చదువుకున్న మనిషి కాదు. కానీ ఆ మాటలో సైన్సంతా ఉందని నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

రేడియో కేంద్రం నుంచి బయల్దేరిన తరంగాలు మన కంటికి కనపడవు, చర్మానికి తగలవు. కానీ లోహపు తీగె ఒకటి ఎదురైతే దాంట్లో అతి సన్నని విద్యుత్తుని అటూ ఇటూ ఊపుతాయి. రేడియో పెట్టె చేసే పనల్లా ఆ ఊపుని పట్టుకుని, పెద్దది చేసి, మాటగానో పాటగానో మనకి వినిపించడం. తీగె ఎత్తుగా ఉంటే గోడలూ చెట్లూ అడ్డం రావు. పొడుగ్గా ఉంటే ఎక్కువ పట్టుకుంటుంది. గోడకి తగిలితే మాత్రం పట్టుకున్నదంతా ఆ గోడ దారినే భూమిలోకి జారిపోతుంది. పింగాణీ బిళ్ళలు పెట్టింది అలా జారిపోకుండానే. తడి చీరతో జరిగిందీ అదే.

ఈ తీగెకి తోడు మరో తీగె కూడా ఉండేది, ఎర్తు తీగె. మా ఇంట్లో అది పెరటి నూతి పక్కన తడినేలలోకి దిగి ఉండేది. ఎండాకాలంలో అక్కడ రోజూ చెంబెడు నీళ్ళు పొయ్యడం పిల్లల పని. నేల తడిగా ఉంటేనే ఎర్తు సరిగా పనిచేస్తుంది. ఉరుములు మొదలయ్యాయంటే తాతగారు కిటికీ దగ్గరున్న చిన్న కత్తి మీటని కిందికి దించి ఏరియల్ని నేరుగా ఎర్తుకి కలిపేసేవారు, రేడియోకి సంబంధం లేకుండా. పిడుగు భయం అన్నమాట.

ఇంత తంటా ఎందుకు పడ్డారంటారా? వినాలనుకున్నది దూరంలో ఉండేది గనక. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. విశాఖపట్నం కేంద్రం 1963 ఆగస్టు 4న గానీ రాలేదు. ఆ మధ్య పదిహేనేళ్ళూ మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు తెలుగు మాట కోసం విజయవాడ దాకా చెవి చాచాల్సి వచ్చేది. రాత్రయితే అటునుంచి కటకం కేంద్రం ఒరియా పాటలతో పక్కనే పలికేది. ఇక సినిమా పాటలంటారా, 1952లో కేస్కర్ గారు మంత్రి అయ్యాక ఆకాశవాణిలో వాటికి గడ్డురోజులు వచ్చాయి. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలయ్యేదాకా, మొదలయ్యాక కూడా, పాటల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ దిక్కు రేడియో సిలోనే. మీనాక్షీ పొన్నుదురై గారి తెలుగు గొంతు మన పెద్దవాళ్ళకి ఇంట్లో మనిషి గొంతంత పరిచయం. కొలంబో మనకి సుమారు 1300 కిలోమీటర్ల దూరం. అక్కడి షార్ట్‌వేవు తరంగాలు ఆకాశంలో పైపొరకి తగిలి, బంతి గోడకి కొట్టుకుని వచ్చినట్టు, మళ్ళీ కిందికి దిగి మన డాబా మీది తీగె మీద వాలేవి. మధ్యలో ఏ తీగే లేదు, ఏ టవరూ లేదు. ఆకాశమూ, మన గెడలూ, అంతే.

తీగె పొడవుకీ తరంగానికీ ఉన్న చుట్టరికం ఒకటి చెప్పాలి. లెక్క చాలా తేలిక. 300ని మెగాహెర్ట్జులతో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. విశాఖ కేంద్రం 927 కిలోహెర్ట్జు, అంటే 0.927 మెగాహెర్ట్జు. తరంగం పొడవు సుమారు 324 మీటర్లు! ఎఫ్.ఎం. స్టేషన్లు 100 మెగాహెర్ట్జుల దగ్గర ఉంటాయి గనక అక్కడ తరంగం 3 మీటర్లే. ఉయ్యాలని దాని ఊపు కనిపెట్టి తోస్తే చిటికెన వేలితో తోసినా ఎంత ఎత్తుకి వెళుతుందో మనకి తెలుసు కదా. ఏరియల్ కూడా అంతే. తరంగంలో సగమో, పావో ఉంటే దాని ఊపు తీగెకి చక్కగా అందుతుంది. ఎఫ్.ఎం. రేడియోకి పైకి లాగే పుల్ల ముప్పావు మీటరు ఉంటే బాగా పలకడం అందుకే. 3 మీటర్లలో పావు వంతన్నమాట. మీ చేతిలో ఉన్న సెల్‌ఫోను తరంగం ఇంకా చాలా పొట్టిది. అందుకే దాని ఏరియల్ లోపలే దాక్కుని, ఉందన్న సంగతే మనకి తెలియకుండా పోయింది.

ఇప్పుడు కాస్త సముద్రాలు దాటి వెళ్ళొద్దాం. అక్కడ ఇదే ఏరియల్ కోసం దేశం దేశమంతా పిచ్చెక్కిపోయిన కాలం ఒకటుంది.

అమెరికాలో 1958లో 27 మెగాహెర్ట్జుల దగ్గర మామూలు మనుషులు మాట్లాడుకోవడానికి కొన్ని ఛానెళ్ళు వదిలారు. దాన్ని సిటిజన్స్ బాండ్ అంటారు, ముద్దుగా సీబీ. మన రేడియోలా వినడమే కాదు, తిరిగి జవాబు చెప్పొచ్చు. 1973లో పెట్రోలు కరువొచ్చినప్పుడు లారీ డ్రైవర్లు ఏ బంకులో నూనె ఉంది, ఏ మలుపులో పోలీసులున్నారు అని ఒకరికొకరు చెప్పుకోవడానికి దీన్ని పట్టుకున్నారు. చూస్తూండగానే ఇళ్ళల్లోకి పాకింది. ఎవరూ సొంత పేరు చెప్పరు, తలా ఒక ముద్దు పేరు పెట్టుకుంటారు. 1976లో ఆ దేశాధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్ గారు కూడా 'ఫస్ట్ మామా' అనే పేరుతో ఆ రేడియోలో మాట్లాడారు. అంత ఇంటావిడా మైకు పట్టుకుందంటే ఇక మిగతా ఇళ్ళ సంగతి చెప్పాలా? రద్దీ తట్టుకోలేక 1977లో 23 ఛానెళ్ళని 40 చేశారు.

అసలు కిటుకు ఇక్కడుంది. సీబీలో పంపే శక్తి 4 వాట్లకి మించకూడదని చట్టం. పూజగదిలో వెలిగే బుల్లి బల్బు పాటి. గొంతు పెంచడానికి వీల్లేదు గనక ఇంక పెంచుకోగలిగిందల్లా నిలబడే చోటు. అంచేత వాళ్ళ ధ్యాసంతా ఏరియల్ మీదే. ఇంటి మీద పెట్టేదాన్ని బేస్ యాంటెన్నా అనేవారు. తిన్నగా నిలబడ్డ ఒక గొట్టం, దాని మొదట్లో నలుపక్కలా చాచిన పుల్లలు, గుడ్డ ఊడిపోయిన గొడుగు ఊచల్లాగా. ఆ ఊచలే దానికి నేల. మా నూతి పక్క తడినేల చేసే పని అక్కడ అవి చేస్తాయన్నమాట.

కారుకి పెట్టేది మొబైల్ యాంటెన్నా. 27 మెగాహెర్ట్జుల తరంగం 11 మీటర్లు. దాంట్లో పావంటే తొమ్మిదడుగుల పుల్ల. అది కారుకి నిలబెడితే చెట్టుకొమ్మల్ని కొట్టుకుంటూ పోతుంది. అందుకని పుల్లని పొట్టి చేసి, తగ్గిన పొడవుకి బదులు మొదట్లోనో నడుమనో తీగె చుట్ట పెట్టేవారు. ఆరు గజాల చీరని కుచ్చిళ్ళు పోసి నడుము దగ్గర దోపుకోవడం లేదూ, అలాగే. చీర అంతా ఉంది, కానీ చోటు తక్కువ పట్టింది. కాకపోతే కుచ్చిళ్ళు ఎక్కువైన కొద్దీ నడక ఇబ్బంది అయినట్టు, పుల్ల మరీ పొట్టిదైతే పనితనం తగ్గుతుంది. కారు ఇనప ఒళ్ళే దానికి ఎర్తు.

కొన్నాళ్ళకి ఆ జోరు చాలా మట్టుకు చల్లారింది. అయినా అక్కడి ముసలివాళ్ళు ఆ పాత గొట్టాలనీ పుల్లల్నీ ఈనాటికీ మన ఇత్తడి బిందెల్లా దాచుకుంటున్నారట. ఎందుకు దాచుకుంటారో నాకు బాగా అర్థమవుతుంది. చేతిలో ఉన్న కొద్దిపాటి శక్తితో దూరాన ఉన్న మనిషి మాట అందుకున్న సంతోషం ఆ పుల్లలో ఉంది.

ఆ ముచ్చట మనకెందుకు రాలేదు? 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం మన దేశంలో వినే పెట్టె ఉండాలన్నా లైసెన్సు కావలసిందే. తాతగారి రేడియోకి పోస్టాఫీసు బుక్కు ఉండేది. ఏటా 15 రూపాయలు కట్టి స్టాంపు అంటించుకోవాలి. 1980ల నడిమి నాటికి గానీ ఆ బాధ పూర్తిగా వదల్లేదు. వినడానికే అంత కట్టుదిట్టం అయితే ఇక మాట్లాడే పెట్టెలు ఇళ్ళల్లోకి ఎలా రానిస్తారు? ఆ 27 మెగాహెర్ట్జుల ముక్కని మన సర్కారు చిన్న పెట్టెలకి లైసెన్సు లేకుండా వదిలింది 2005లో. అప్పటికి సెల్‌ఫోన్లు వచ్చేశాయి, అడిగినవాళ్ళు లేరు.

మన ఊళ్ళో మాట్లాడే ఏరియల్ అంటే పోలీసు జీపుదే. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి మూడు లాంతర్ల దగ్గర జీపు నిలబడి ఉండేది. దాని వెనక నుంచి లేచిన పొడుగాటి పుల్లని వంచి ముందు భాగానికి తాడుతో కట్టేవారు. ఇటు సిరిమాను ఊగుతూ వెళ్ళేది, అటు ఆ పుల్ల ఊగుతూ ఉండేది. పిల్లలం రెండూ చూసేవాళ్ళం.

అయితే ఇంట్లో ఉండి, చట్ట ప్రకారమే ప్రపంచంతో మాట్లాడగలిగినవాళ్ళు మన దేశంలోనూ ఉన్నారు. వాళ్ళే హామ్ రేడియో వాళ్ళు. పరీక్ష రాసి, లైసెన్సు పుచ్చుకుని, డబ్బు ఆశించకుండా సరదాకీ సేవకీ మాట్లాడేవాళ్ళు. వాళ్ళ ఏరియల్ ఏమిటనుకున్నారు? అచ్చం దండెమే! 7 మెగాహెర్ట్జుల మీద తరంగం సుమారు 40 మీటర్లు. అందులో సగం 20 మీటర్లు, అంటే 66 అడుగుల తీగె. దాన్ని నడిమికి తెంపి, అక్కణ్ణించి రేడియోకి తీగె దించి, రెండు కొసలూ రెండు చెట్లకి కట్టేస్తే అయిపోయింది. 14 మెగాహెర్ట్జులకైతే అందులో సగం చాలు. నైలాను తాడు, రాగి తీగె, ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క. బజారులో కొనవలసింది ఏమంత లేదు.

ఈ దండెం ఎంత పని చేస్తుందో 2004 డిసెంబరులో తెలిసింది.

భారతీ ప్రసాద్ అనే ఆవిడ, హైదరాబాదులో 1983లో మొదలైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకి చెందినావిడ, కొద్దిమంది హామ్‌లని వెంటబెట్టుకుని ఆ నెలలో అండమానుకి వెళ్ళారు. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారే ఆ ఊళ్ళో, హోటల్లో దిగి ఏరియల్ కట్టుకున్నారు. ఏళ్ళ తరబడి అక్కణ్ణించి హామ్ గొంతు వినబడలేదు గనక దేశదేశాల వాళ్ళు ఆవిడతో ఒక్క మాట కలపడానికి కాచుకుని కూర్చున్నారు. డిసెంబరు 26 తెల్లవారుజామున భూమి కంపించింది. వెనకే సునామీ. ఫోన్లు పోయాయి, కరెంటు పోయింది. సరదాగా కట్టిన ఏరియల్ అప్పుడు అండమానుకి నోరూ చెవీ రెండూ అయింది. ఆవిడ, ఆవిడతో వచ్చినవాళ్ళు, ఆ రేడియో పెట్టెల మీద క్షేమ సమాచారాలు అటూ ఇటూ అందిస్తూ కూర్చున్నారు. కార్ నికోబార్‌లో కూడా హామ్ కేంద్రం పెట్టారు. ఇదంతా మగవాళ్ళ చదువు, మనకెందుకులే అనుకునేవాళ్ళకి నేను ముందు ఆవిడ పేరే చెబుతాను.

అండమాను మనకి దూరపు దేశమేమీ కాదు. విశాఖ నుంచి సముద్రం మీద సుమారు 1200 కిలోమీటర్లు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి పనికీ, వేటకీ వెళ్ళి అక్కడే స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. పోర్ట్ బ్లెయిర్ బజారులో తెలుగు మాట వినపడుతుంది. మా వీధికి చేపల గంప తెచ్చే అప్ప ఒకామె ఉండేది, పూసపాటిరేగ వైపు నుంచి. ఆమె పెద్ద కొడుకు అక్కడే కూలికి వెళ్ళాడు. సునామీ వచ్చిన రెండో రోజునో మూడో రోజునో గంప లేకుండా ఖాళీ చేతులతో వచ్చి మా గుమ్మంలో కూలబడింది. "సేపలొద్దు, డబ్బులొద్దు అమ్మా. గుంటడు ఉన్నాడో లేడో ఒక్క మాట ఇనపడితే సాలు. ఆ పెట్టెలో సెప్పరేటి?" అని మా టీవీ కేసి చూపించింది. టీవీలో అలలు చూపిస్తున్నారు, కూలిన ఇళ్ళు చూపిస్తున్నారు. ఆమె గుంటడి పేరు ఎవరు చెబుతారు?

తర్వాత కొన్నాళ్ళకి బతికే ఉన్నాడని కబురొచ్చింది. నలుగురి చేతులు మారి వచ్చిన కబురు అది. ఆ మొదటి మనిషి ఎవరో, ఏ దండెం మీదుగా దాటిందో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు. కబురు విన్న రోజు ఆమె ఏడవలేదు. గుమ్మంలో కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగింది. అప్పటిదాకా మూడు వీధులు తిరిగినా దాహం తెలియలేదట.

మరో పదేళ్ళకి ఆ దాహం నాకూ తెలిసింది. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. సిరిమానోత్సవం అయి కొద్ది రోజులే అయింది. విజయనగరంలో చెట్లు కూలాయి, కరెంటు పోయింది. మా తమ్ముడూ మరదలూ పిల్లలతో విశాఖలో ఉన్నారు. సాయంత్రానికి సెల్‌ఫోను మీద గీతలన్నీ చెరిగిపోయాయి. చేతిలో ఫోనుంది, దాంట్లో చార్జి కూడా ఉంది, కానీ ఎవరితో మాట్లాడను? టవర్లకి కరెంటు లేకపోతే మన ఫోను పలక ముక్కతో సమానం. మన మాట టవరు దాకా వెళ్ళాలి, అక్కణ్ణించి తీగెల వెంట మరో టవరుకి చేరాలి, అప్పుడు గానీ తమ్ముడి చెవిలో పడదు. ఆ దారిలో ఏ ఒక్కటి తెగినా అంతే సంగతులు.

అటక మీంచి పాత ట్రాన్సిస్టర్ దింపాను. బాటరీలు లోపలే ఉండిపోయి, కారి, పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. గోడ గడియారంలోంచి ఒకటి, పిల్లల బొమ్మలోంచి ఒకటి తీసి, చిలుము గీకి వేశాను. గరగరా అంది గానీ మాట తెలియలేదు. అప్పుడు మామ్మ మాట గుర్తొచ్చి పెట్టెని మెల్లిగా చుట్టూ తిప్పాను. ఒక వైపు తిరిగేసరికి గొంతు పలికింది. ఎక్కడెక్కడ ఏమి జరిగిందో, సహాయం ఎక్కడ దొరుకుతుందో చెబుతున్నారు. తమ్ముడి పేరు అందులో లేదు, ఉండదని నాకూ తెలుసు. కానీ చీకట్లో ఒక మనిషి గొంతు వినపడడమే కొండంత ధైర్యం. మూడో రోజున తమ్ముడు వేరేవాళ్ళ ఫోను నుంచి పలికాడు, "బాగానే ఉన్నాం అక్కా" అని. ఆ మూడు రోజులూ నాకు డాబా మీది ఆ రెండు గెడలే కళ్ళముందు ఆడాయి. తాతగారు పోయాక ఆ తీగెని రాగి ధరకి అమ్మేశాం. ఎంతొచ్చిందో కూడా ఇప్పుడు గుర్తు లేదు.

ఆ తర్వాత 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లనీ జీడి తోటల్నీ నేలకేసి కొట్టింది. మన తీరానికి అక్టోబరు, నవంబరు నెలలంటే ఏమిటో నేను వేరే చెప్పనక్కర్లేదు. సెల్‌ఫోనుని తప్పు పట్టడానికి నేను రాలేదు, అది లేకపోతే నాకూ పొద్దు గడవదు. కానీ పది పంటలు పండే రోజుల్లో కూడా గాదెలో ఒక మూల విత్తనాలు దాచుకునే ఇల్లాళ్ళ వారసులం మనం. టవరు లేనప్పుడు కూడా పనిచేసేది ఒకటి ఇంట్లో దాచుకోవద్దూ?

దానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక చిన్న ట్రాన్సిస్టర్ ఉంచుకోండి. బాటరీలు అందులో వదిలెయ్యకండి, విడిగా డబ్బాలో పెట్టుకోండి. మీడియం వేవు వినాలంటే పైకి లాగే పుల్లతో పని లేదు. దానికి లోపల నల్లటి కడ్డీ మీద చుట్టిన తీగె చుట్ట ఉంటుంది, అదే ఏరియల్. అందుకే పెట్టెని అడ్డంగా తిప్పుతూ గొంతు ఎటు బాగుంటే అటు ఆపుకోవాలి. ఎఫ్.ఎం.కైతే పుల్లని పూర్తిగా లాగాలి. షార్ట్‌వేవుకి పుల్లకి నాలుగు గజాల తీగె తగిలించి కిటికీ దగ్గర వేలాడదీస్తే తేడా మీకే తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త. కరెంటు తీగెల చాయలకి ఏ తీగెనీ వెళ్ళనివ్వకండి. ఉరుములు ఉరిమేటప్పుడు తీగె తీసేసి దూరంగా ఉండండి. తాతగారు కత్తి మీట దించేది ఊరికే కాదు.

ఇంట్లో పిల్లలు ఎప్పుడూ ఫోనులో మునిగి ఉంటున్నారని బాధపడే తల్లులకి ఇంకో మాట. హామ్ రేడియో పరీక్షకి పన్నెండేళ్ళు నిండితే చాలు. కొద్దిగా ఎలక్ట్రానిక్సు, కొన్ని నిబంధనలు చదువుకోవాలి. మొదటి మెట్టు లైసెన్సుకి ఆ టకటకల మోర్సు కోడు కూడా అక్కర్లేదు. పెద్దలకి వయసు అడ్డు లేదు. అంటే మనమూ రాయొచ్చన్నమాట. మన తీరాన ప్రతి ఊళ్ళో ఇలాంటివాళ్ళు ఇద్దరుంటే తుపాను రాత్రి ఎందరు తల్లుల గుండెలు నెమ్మదిస్తాయో ఆలోచించండి.

ఈ మధ్య మా డాబా మీద మళ్ళీ రెండు గెడలు పాతించాను. మధ్యన రాగి తీగె. పింగాణీ బిళ్ళలు దొరకలేదు, పాత ప్లాస్టిక్ దువ్వెన రెండు ముక్కలు చేసి కట్టాను. అదీ పనిచేస్తోంది. మొన్న పనమ్మాయి తడి దుప్పటి పట్టుకుని అటు వెళుతోంది. నా నోటంట అప్రయత్నంగా మామ్మ మాటే వచ్చింది. అది నవ్వి, "మరి దండెం ఎక్కడమ్మా?" అంది. నిజమే, దండెం కట్టించడం మరిచిపోయాను. ఆ పని చూడాలి గనక ఇక సెలవు తీసుకుంటాను.